బ్రేక్ ఆయిల్ అనకూడదు

సాయంత్రం దీపం పెట్టే వేళకు మా కారు షెడ్డులోనుంచి పెడల్ నొక్కిన చప్పుడు వినిపిస్తుంది. మూడుసార్లు. మొదటి రెండూ వెంటవెంటనే, మూడవది కొంచెం ఆగి. షెడ్డుకు తాళం వేసి ఉంటుంది. దాని చెవి నా జంధ్యానికి కట్టి ఉంటుంది.

ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. దయ్యాలను నమ్మను. అవి ఎలుకలని నా భార్య లలితాంబకు చెప్పాను.

"రోజూ మూడే సార్లు నొక్కి ఊరుకుంటున్నాయంటే బాగా చదువుకున్న ఎలుకలేనండి," అన్నది ఆమె, వత్తిని ఎగదోస్తూ.

అంటే ఆమెకు కూడా వినిపిస్తున్నదన్నమాట. ఆ సంగతి నాకేమీ ధైర్యాన్నివ్వలేదు.

మూడుసార్లు నొక్కి చెవి ఒగ్గడం సత్తిరాజు అలవాటు. కొవ్వూరులో రైలుగేటు దాటగానే ఉన్న రేకుల షెడ్డులో అతడు కార్లు బాగుచేసేవాడు. నా పద్మిని కారును పద్నాలుగు సంవత్సరాలు అతడే చూశాడు. ఏ పని చేసినా చివరకు డ్రైవరు సీటులో కూర్చుని, కళ్ళు మూసుకుని, బ్రేకు పెడల్‌ను రెండుసార్లు గబగబా, ఒకసారి నిదానంగా నొక్కేవాడు. "పలికిందండి" అని కళ్ళు తెరిచేవాడు. పలకకపోతే ఎవరు ఎంత తొందరపెట్టినా కారు ఇచ్చేవాడు కాదు.

నేను విరమణ చేసిన ఏడాది, నా సహాధ్యాపకులు ఉదయ్‌భాస్కర్‌గారిని వెంటబెట్టుకుని కారు తెచ్చుకోవడానికి వెళ్ళాను.

"బ్రేక్ ఆయిల్ మార్చానండి మేష్టారూ," అన్నాడు సత్తిరాజు.

"ఆయిల్ అనకూడదు సత్తిరాజూ. ఫ్లూయిడ్. ఆయిల్ వేరు, ఫ్లూయిడ్ వేరు. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నాను."

"పద్నాలుగేళ్ళుగా బండి ఆగుతానే ఉంది కదండీ. పేరెట్టి పిలిస్తేనే ఆగుద్దేంటండి?"

ఉదయ్‌భాస్కర్‌గారు పగలబడి నవ్వారు. వంతెన దాటి రాజమండ్రిలో ఆయనను దింపేవరకూ ఆ నవ్వు ఆయన ముఖాన ఉండనే ఉంది. తిరిగి వస్తూ ఒక నిశ్చయానికి వచ్చాను. నా కారు పని నేనే నేర్చుకుంటాను. నేర్చుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వను. లెక్చరరుగారు కారు కింద దూరుతున్నారన్న మాట ఊళ్ళో పుట్టడం నాకు ఇష్టం లేదు.

కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నాలుగు వందల పుటలు. దానిని పాఠ్యగ్రంథంలాగే చదివాను, అంచులలో గుర్తులు పెట్టుకుంటూ. రాజమండ్రి మెయిన్ రోడ్డులో పానాల సెట్టు కొన్నాను. షెడ్డు తలుపులు మూసి, కిటికీ వెలుతురులో స్పార్క్ ప్లగ్గులు విప్పి, మసి గీకి, సందు కొలిచి మళ్ళీ బిగించాను. మొదటిసారి ఇంజిను నా చేతి పనితో మేలుకున్నప్పుడు నా కళ్ళు చెమర్చాయి. అంతవరకు నా జీవితమంతా మాటలు. ఒక వస్తువు నా మాట వినడం అదే మొదలు. గోళ్ళలో నలుపు పోవడానికి లలితాంబ నిమ్మచెక్కలు ఇచ్చేది.

"చేతులు చూస్తే ఎవరైనా కనిపెట్టేస్తారండి," అనేది.

"అందుకేగా తోముకుంటున్నాను."

సత్తిరాజు ఎదురుపడి "బండి రావట్లేదేంటండి మేష్టారూ?" అని అడిగితే, వాడకం తగ్గించానని చెప్పేవాణ్ణి.

ఇంట్లో మాత్రం మాటలను సంస్కరించాను. బ్రేకు సంబంధమైనదాన్ని ఆయిల్ అనకూడదని లలితాంబకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆమె చివరకు నన్ను ఏడిపించడానికి వంటింట్లోనుంచి, "ఏవండీ, నువ్వుల ఫ్లూయిడ్ అయిపోయిందండీ, తెప్పించండి," అని కేకవేసేది.

అంతదాకా నవ్వుకున్న రోజులే.

ఆ మాఘమాసంలో బ్రేకు ద్రవం మార్చవలసి వచ్చింది. దుకాణంవాడు అదీ, ఇంజిన్ ఆయిలూ ఒకే రకం తెల్ల ప్లాస్టిక్ డబ్బాలలో పోసి, కాగితం ముక్కల మీద పేర్లు రాసి అంటించి ఇచ్చాడు. ఒకదాని మీద 'ఇంజిన్ ఆయిల్'. రెండవదాని మీద, అనుకున్నట్టే, 'బ్రేక్ ఆయిల్'. ఆ తప్పు మాట నా షెడ్డులో ఉండడం సహించలేకపోయాను. తడిగుడ్డతో రెండు కాగితాలూ ఊడదీశాను. ఇంతలో లలితాంబ భోజనానికి పిలిచింది. తిని వచ్చి, దళసరి కాగితం మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రెండు పేర్లూ తప్పు లేకుండా రాసి, మైదాజిగురుతో అంటించాను.

బ్రేకు గొట్టాలలోని గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. నేను చక్రం పక్కన చాప మీద పడుకుని మర విప్పుతూ బిగిస్తూ ఉంటే, లలితాంబ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని పెడల్ తొక్కింది. మధ్యమధ్య దిగి, ముందున్న గిన్నెలో ద్రవం తగ్గకుండా పోసింది.

"ఏ డబ్బాలోదండీ?"

"ఫ్లూయిడ్ అని రాసి ఉంది చూడు. ఆ మాత్రం తెలియదూ!"

ఆమె ఆ డబ్బా ఎత్తింది. పోసింది. చివరకు పెడల్ గట్టిగా నిలిచింది. పుస్తకంలో చెప్పినట్టే.

ఆరవనాడు మధ్యాహ్నం సత్తిరాజు పరుగున మా గేటు తీసుకుని వచ్చాడు. అతని కూతురు బేబికి నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు పల్లంరాజు ఊళ్ళో లేడు.

"మేష్టారూ, బండి ఒక్కసారి ఇప్పించండి. రాజమండ్రి ఆసుపత్రిలో దింపేసి వచ్చేత్తాను."

తాళంచెవులు ఇచ్చాను. అంత తొందరలోనూ అతడు సీటులో కూర్చుని, కళ్ళు మూసుకుని, మూడుసార్లు నొక్కాడు. మూడవసారి ఒక్క క్షణం ఆగాడు. నా వంక చూశాడు.

"పలికిందండి. కానీ గొంతు మారింది. ఎవరిచేతనన్నా చేయించారాండి?"

నేను చేశానని ఆ క్షణంలో అనవలసింది. రెండు మాటలు. అని ఉంటే అతడు మూత తీసి చూసేవాడు; చూస్తే తెలుసుకునేవాడు. ఒక పనివాడి ముందు, పనివాడిగా, నా పని పరీక్షకు పెట్టడానికి నోరు రాలేదు.

"ఎవరిచేతా చేయించలేదు," అన్నాను. వాక్యం వ్యాకరణరీత్యా నిజమే.

బేబిని ఆసుపత్రిలో క్షేమంగా దింపాడు. ఒంటరిగా తిరిగి వస్తూ వంతెన దిగిన తరువాత, ఏటిగట్టు మలుపులో చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చింది. దాన్ని తప్పించాడు. కారు ఆగలేదు. గట్టు దిగి రాతి కట్టుకు కొట్టుకుంది. ఆడపిల్ల పుట్టిందన్న కబురూ, ఈ కబురూ ఒకే గంటలో కొవ్వూరు చేరాయి.

కారును లాగించిన అమ్మిరాజు అనే మెకానిక్కు బ్రేకులు విప్పి అందరి ఎదుటా చూపించాడు. "రబ్బర్లు చూడండి, గారెల్లా ఉబ్బిపోయాయి. ఇంజిన్ ఆయిల్ పడితేనే ఇలాగయ్యుద్ది. సత్తిరాజంతటోడు ఎంత పని చేసేడు!"

ఆ కారును చూసేది సత్తిరాజేనని ఊరందరికీ తెలుసు. అందుచేత అతని పొరపాటే అతని ప్రాణం తీసిందన్నారు. ఎవరి నోట ఒక్క తప్పుమాట వచ్చినా దిద్దకుండా ఉండలేని నేను, ఆ ఒక్కదాన్నీ దిద్దలేదు. మౌనానికి ఒక కారణం చెప్పుకున్నాను. ఆ డబ్బా ఎత్తి పోసింది లలితాంబ చెయ్యి. నిజం బయటపడితే, ఒక మనిషిని చంపానన్న భారం ఆమె మీద పడుతుంది. ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆ రెండు డబ్బాలనూ అటక మీదకు విసిరి, నలిగిన కారును షెడ్డులో పెట్టించి తాళం వేశాను. పదకొండు రోజులు గడిచాక, దీపం వేళకు, చప్పుడు మొదలైంది.

ఏడాది తరువాత బేబి పిల్లను చంకన వేసుకుని వచ్చింది. తండ్రి షెడ్డును ఆమె, భర్త పల్లంరాజు నడుపుతున్నారు. స్టూలు అంచున కూర్చుంది.

"మేష్టారండీ, మా షెడ్డుకి బ్రేకుల పని ఎవరూ తేవట్లేదండి. 'మామలాగే పోస్తావేంటి ఆయిలు?' అని మాయన్ని ఏడిపిస్తన్నారు. నాన్న ఆ పని చేశాడంటే నేను నమ్మనండి. చిన్నప్పట్నించీ పానాలందించాను, నాకు తెల్దా? మీ కారు కదా, మీరు పెద్దవారు. ఆయన పని తప్పు కాదని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసివ్వండి. గోడకి కట్టుకుంటాం."

కలం తీసి రాశాను. సత్తిరాజు నిజాయితీపరుడని, శ్రమజీవి అని, పద్నాలుగేళ్ళ పరిచయమని. చక్కని ఇంగ్లీషు. తెలుగులో చదివి వినిపించాను.

బేబి కాగితం తీసుకోలేదు. "మంచోడని అందరూ అంటారండి. పని పాడుచేశాడని కూడా ఆళ్ళే అంటారు. ఇందులో పని సంగతి లేదు కదండీ," అన్నది. పిల్ల నా కలం కోసం చెయ్యి చాచింది. తల్లి ఆ చెయ్యి మెల్లగా మడిచి, "వత్తానండి" అని వెళ్ళిపోయింది.

లలితాంబ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చీకటి పడుతున్నా ఆ పూట దీపం పెట్టలేదు. షెడ్డులోనుంచి రెండు చప్పుళ్ళు వినిపించాయి. కొంచెం ఆగి, మూడవది.

"ఎలుకలండి," అన్నది ఆమె. గొంతులో నవ్వు లేదు.

"లలితా, నేను నోరు విప్పకపోవడం నీ కోసమే. ఆ రోజు నీ చెయ్యి పొరపాటు..."

"నా చెయ్యా?"

స్టూలు వేసుకుని అటక మీదనుంచి రెండు డబ్బాలనూ తనే దించింది. వాటి మీద దుమ్ము ఉండవలసినంత లేదు. ఎవరో అంతకుముందే దించి చూసినట్టున్నది. రెండు గ్లాసులలో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ రాత మీరే చదవండి. ఇదేంటి?"

"బ్రేక్ ఫ్లూయిడ్."

"నేను పోసింది ఇదేనండి. నేనూ ఐదో ఫారం చదివాను, ఆ పాటి అక్షరాలు గుర్తుపట్టగలను." మూత తీసి ఒక గ్లాసులో కొంచెం వంచింది. అది నీటిపైన బంగారు రంగు బిళ్ళలా తేలి నిలిచింది. 'ఇంజిన్ ఆయిల్' అని నా చేత్తో రాసిన రెండవ డబ్బాలోనిది ఇంకో గ్లాసులో వంచింది. అది నీటిలో కలిసి మాయమైంది.

"నూనె తేలుతుంది. అది తెలియడానికి ఇంగ్లీషు అక్కర్లేదండి. సత్తిరాజు పన్నెండోరోజునే చూశాను నేను."

తడిగుడ్డ, ఊడిన కాగితాలు, పేరు లేని రెండు తెల్ల డబ్బాలు, భోజనానికి పిలుపు. అన్నీ వరుసగా కళ్ళముందుకు వచ్చాయి. ఒక తప్పు మాటను దిద్దబోయి, ఉన్న ఒకే ఒక సరైన గుర్తును నేను చెరిపివేశాను.

"మరి ఏడాదిగా ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడుగుతారని చూశాను. 'నువ్వు ఏది పోశావు?' అని ఒక్కమాట. నా తప్పని మీకు మీరే తేల్చేసుకుని, నన్ను కాపాడుతున్నారా!" ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నేనూ చెప్పకుండా ఊరుకున్నాను. ఆ పాపం మాత్రం నాదే."

మర్నాడు పొద్దున్న మళ్ళీ రాశాను. ఈసారి తెలుగులో. 'బ్రేకుల పని సత్తిరాజు చేయలేదు. నేను చేశాను. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద పేరు మార్చి రాసినవాణ్ణి నేను. బ్రేక్ ఆయిల్ పోయవలసిన చోట ఇంజిన్ ఆయిల్ పోయించాను. అతడు అడిగినప్పుడు నిజం దాచాను.' ఫ్లూయిడ్ అన్న మాట ఎక్కడా వాడలేదు. ఊరికి అర్థం కావలసిన మాట అది కాదు. కింద సంతకం చేసి, తారీఖు వేసి, రైలుగేటు దగ్గర షెడ్డుకు నడిచి వెళ్ళాను. అక్కడ బండ్ల కోసం వచ్చిన నలుగురూ, ఆ పూట పని మీద వచ్చిన అమ్మిరాజూ ఉన్నారు. అందరూ వింటుండగా పైకి చదివాను.

అమ్మిరాజు తల దించుకున్నాడు. పల్లంరాజు చేతిలోని పానాను కింద పెట్టి, "ఇన్నాళ్ళూ..." అని, మళ్ళీ దాన్ని తీసి, మళ్ళీ పెట్టాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బేబి కాగితం తీసుకుని చదువుకుంది. "నాన్న అడిగాడాండి? గొంతు మారిందన్నాడా?"

"అన్నాడమ్మా."

"అయితే కనిపెట్టాడు." ఆమె ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చి పోయింది. "బండి ఉందాండి ఇంకా?"

ఆమెను ఇంటికి తీసుకువచ్చాను. లలితాంబ పిల్లను ఎత్తుకుంది. జంధ్యానికి ఉన్న తాళంచెవితో షెడ్డు తెరిచాను. కారు మీద, నేల మీద ఏడాది దుమ్ము పరచుకుని ఉంది. అందులో ఒక్క ఎలుక అడుగు కూడా లేదు.

వంగిన తలుపును లాగి బేబి డ్రైవరు సీటులో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. రెండుసార్లు గబగబా నొక్కింది. కొంచెం ఆగి, మూడవసారి.

అదే చప్పుడు. నేను ఏడాదిగా విన్నది సరిగ్గా అదే.

ఆమె చాలాసేపు కళ్ళు తెరవలేదు.

"పలకట్లేదండి," అన్నది.