ఏమీ మారని ఇల్లు

ఈ ఇంటి కర్టెన్లు ఇప్పటికి ఎన్నిసార్లు కుట్టానో నాకే గుర్తులేదు. ప్రతిసారీ అదే లేత నీలం, అదే తెల్ల అంచు. ఓడ మీద పనిచేసేవాళ్ల ఇళ్లలో ఇదొక ఆనవాయితీ. చుక్కల మధ్య తిరిగే ఆ ఓడ దాదాపు వెలుగంత వేగంతో పోతుంది కాబట్టి అందులో కాలం నెమ్మదిగా నడుస్తుంది. వాళ్లకి నాలుగేళ్లు గడిచేసరికి ఇక్కడ మనకి ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. తిరిగొచ్చిన మనిషి బెంబేలెత్తిపోకుండా, వదిలి వెళ్లిన ఇల్లు వదిలి వెళ్లినట్టే ఉంచాలట. ఆయన ఓడ ఎక్కే ముందు కంపెనీవాళ్లు భార్యలందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. తలా ఓ కప్పు కాఫీ ఇచ్చారు. జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కాలాన్ని కదలకుండా పట్టుకోవడం ఎంత చాకిరీయో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. మా గోడల రంగు తయారుచేయడం మానేశారంటే, ఊరంతా తిరిగి రెండు రంగులు కలిపి ఆ ఛాయ రాబట్టాను. ఆయన కుర్చీ కాలు విరిగితే కొత్తది కొనకుండా వడ్రంగిని బతిమాలి అతికించాను. పగలంతా ఓడల యార్డులో సీటు కవర్లు, సిబ్బంది బట్టలు కుట్టే ఉద్యోగం, ఇంటికొస్తే మంచం పట్టిన అత్తయ్య. ఒకరోజు ఒళ్లు కాలిపోతున్నా లేచి ఆవిడ పక్కబట్టలు మారుస్తుంటే, "వాడక్కడ చుక్కల మధ్య నానా అవస్థలూ పడుతున్నాడు. నీకేమమ్మా, ఇంటిపట్టున హాయిగా ఉన్నావు" అంది. నా జుట్టు నెరవడం మొదలయ్యాక అదీ నా పనుల్లో చేరింది. "రంగు వేసుకో, వాడు చూసి దడుచుకుంటాడు" అని నెల తిరక్కుండానే గుర్తుచేసేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనసుపడి కర్టెన్లకని పసుపుపచ్చ గుడ్డ కొన్నాను. కుట్టే ధైర్యం లేక బీరువా అడుగున పడేశాను.

పోయిన నెల ఆయన వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, వెళ్లినప్పటి నవ్వే, వెళ్లినప్పటి నడకే. గుమ్మంలో నిలబడి గోడలు చూశాడు, కర్టెన్లు చూశాడు, తన కుర్చీలో కూర్చుని దాని చేతులు నిమిరాడు. "అబ్బ, ఏమీ మారలేదే!" అన్నాడు, కళ్లు చెమర్చి. తర్వాత నలభై ఎనిమిదేళ్ల నా వైపు తిరిగి, "నువ్వే బాగా మారిపోయావు" అన్నాడు. నా ఇరవై ఏళ్లూ ఆ గోడల్లోకే పోయాయని ఆ మనిషికి తట్టనే లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పక్కింట్లో కొత్తగా దిగినావిడ "మీ తమ్ముడా?" అని అడిగితే, ఆ ముచ్చట వారం రోజులపాటు కనబడినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వాడు.

నిన్న భోజనం చేస్తూ, "సోమవారం వెళ్లి మళ్లీ పేరిచ్చేస్తాను. నాలుగేళ్లే కదా, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా" అన్నాడు.

"నాకు ఇరవై" అన్నాను.

"నీకు అలవాటేగా! అమ్మని నీలా ఎవరు చూసుకుంటారు? ఇల్లు మాత్రం ఇలాగే ఉంచు."

అంటే ఈసారి ఆయన వచ్చేసరికి నాకు డెబ్బై దగ్గరపడతాయి, ఆయనకి నలభై కూడా నిండవు. అప్పుడు కూడా గుమ్మంలో నిలబడి ఏమీ మారలేదే అంటాడు. గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో మోగింది.

ఒక ఇంటి నుంచి ఓడ మీదికి ఒక్కరే వెళ్లాలన్నది కంపెనీ రూలు. ఇల్లు చూసుకునేవాళ్లు ఒకరుండాలి కదా! ఓడలో కుట్టుపనికి రమ్మని మా సూపర్‌వైజరమ్మ ఆయన తిరిగొచ్చిన రోజు నుంచీ అడుగుతోంది. అడిగినప్పుడల్లా మా అత్తయ్య ఉందండీ అని తప్పించుకునేదాన్ని. ఇవాళ శనివారం. పొద్దున్నే వెళ్లి, వస్తానని చెప్పి, సంతకం పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను.

"అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు ముందు. ఆ తర్వాత, "నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"నాలుగేళ్లే కదండీ" అన్నాను. "నేనొచ్చేసరికి మీరు మళ్లీ నాకన్నా మూడేళ్లు పెద్దవారవుతారు. ఈడూజోడూ కుదిరిందని పెళ్లినాడు మీవాళ్లంతా మురిసిపోయారే, అచ్చం అలాగే."

లోపల్నించి అత్తయ్య పిలిచింది. అలవాటుకొద్దీ నా కాలు కదిలింది. ఆపుకున్నాను. ఆమె మళ్లీ పిలిచింది, ఆయన నా మొహం చూశాడు, నేను బీరువా తెరిచాను. అడుగున ఉన్న పసుపుపచ్చ గుడ్డ తీసి సంచిలో పెట్టుకున్నాను. ఓడలో నా గదికి కిటికీ ఉంటుందో ఉండదో తెలియదు. జుట్టుకి వేసుకునే రంగు డబ్బా మాత్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఇల్లు ఇలాగే ఉంచండి. మీరు కూడా ఇలాగే ఉండండి. నేనొచ్చి చూసి దడుచుకోకూడదు."