గోడా, కాస్త చెప్పవే

మా ఆయన పోయాక నేను దేవుడితో మాట్లాడటం మానేశాను. ఆయన జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ నోరెండిపోయేలా మొరపెట్టుకున్నాను. వినలేదు. వినని వాడితో నాకేం పని?

కుట్టుపని మాత్రం మానలేదు. సాయంత్రం అత్తయ్య ప్రార్థనకి కూర్చుని నన్నూ పిలిచేది. నేను ముందు గదిలో మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేదాన్ని. పైకి ఒళ్ళుమంట, లోపల భయం. మనిషీ పోయి, దేవుడూ లేకుండా పోతే ఇక నేనెవరి మీద అలగాలి?

అంతలో అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మత్తిచ్చాక నేను ప్రార్థన చేసుకోలేనే. కాసేపు నా బదులు నువ్వు చెయ్యి."

"దేవుడికీ నాకూ మాటల్లేవు అత్తయ్యా."

"మా వాడితో మాటల్లేనప్పుడు ఏం చేసేదానివి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలిగిన రోజుల్లో నేను వంటింటి గోడవైపు తిరిగి, "అన్నం చల్లారిపోతోందని చెప్పవే గోడా" అనేదాన్ని. అవతలి గదిలో ఉన్న మా ఆయన ఉలకడు, పలకడు. కాసేపటికి వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. గోడకి చెప్పుకున్నట్టే అని జనం ఎగతాళి చేస్తారు గానీ, మా ఇంట్లో గోడకి చెప్పిన ఏ మాటా వృథా పోలేదు.

"నీ బెట్టు నువ్వు చేసుకో. గోడకే చెప్పు" అంది అత్తయ్య. తలుపు మూశారు.

ఎదురుగా రంగు పెచ్చులూడిన గోడ. దాన్ని ఎగాదిగా చూశాను.

"గోడా," అన్నాను చివరికి, "నాకు మిగిలింది ఆవిడొక్కతే. ఆవిణ్ణి కూడా తీసుకుపోతే ఊరుకోనని చెప్పు." పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. "ఊరుకోక ఏం చేస్తాలే. ఏడుస్తాను. ఏడ్చి మళ్ళీ ఆ దేవుడికే చెప్పుకుంటాను. నాకింకెవరున్నారు? అది కూడా చెప్పు."

గోడ పలకలేదు. మా ఆయనా పలికేవాడు కాదు. మూతి ముడుచుకుని వచ్చి, రెండోసారి కూర వడ్డించమని కంచం నావైపు జరిపే ఆ మొహం గుర్తొచ్చి, ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేశాను. ఆయన పోయాక అదే మొదటి నవ్వు. దుఃఖం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ అవతల ఎవరో వింటున్నారన్న ధైర్యం వచ్చింది, చెప్పలేనంత సంతోషం కూడా.

అటుగా పోతున్న నర్సు ఆగింది. "ఎవరితోనమ్మా మాట్లాడుతున్నారు?"

"మాటల్లేవమ్మా. అందుకే గోడతో."

ఆమె నన్ను వింతగా చూసి వెళ్ళిపోయింది. ఆపరేషను గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. చెప్పాల్సింది చాలా పేరుకుపోయి ఉంది. కళ్ళు తుడుచుకుని, కుర్చీ గోడ దగ్గరికి జరుపుకున్నాను.