ఇంకా పొడిగానే ఉంది

ఆ అన్నదమ్ముల మధ్య నీళ్ల వంతు మాట మీదే నడిచేది. కొండ మీంచి దిగే సన్నటి వాగు, దాన్నుంచి తవ్వుకున్న కాలువ, కాలువలో ఒక పలకరాయి. రాయి ఇటు జరిపితే అన్న కాఫీ తోటకు నీళ్లు, అటు జరిపితే తమ్ముడి తోటకు. పై తోట అన్నది కాబట్టి మొదటి వంతు అతనిదే. నీళ్లు పారాక చెట్టు మొదట్లో జానెడు లోతున మట్టి తీసి గుప్పిట్లో బిగించాలి. ముద్దగా నిలిస్తే వంతు అయిపోయినట్టు. పొడిపొడిగా రాలిపోతే ఇంకా పారాలి. ఆ ముద్ద పట్టేది ఎవరి వంతైతే వాళ్లే. పక్కవాడు వచ్చి మట్టిలో చెయ్యి పెట్టకూడదు. పెట్టాడంటే నువ్వు దొంగవని మొహం మీద అన్నట్టే.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెట్ల నిండా మొగ్గ ఉంది, పూత లేదు. ఒక సాయంత్రం మాత్రం దుమ్ము అణగడానికి కూడా చాలని జల్లు పడి పోయింది. మొగ్గకు ఏం తెలుసు, వానే అనుకుని కదిలింది. ఒకసారి కదిలిన మొగ్గకు వెంటనే వేళ్ల దాకా తడి అందాలి. అందకపోతే గులాబి రంగుకు తిరిగి, అక్కడికక్కడే బిగుసుకుని ఎండిపోతుంది. ఏడాది కాపు గాలికి పోయినట్టే.

వాగులో నీళ్లు తగ్గిపోవడం ఒట్టి వాన తప్పు కాదు. పైన ఎస్టేటు వాళ్లు వాగు మొదట్లోనే మోటారు దించి తమ తోటంతా వాన కురిపించుకుంటున్నారు. ఊళ్లో ఈ సంగతి తెలియని వాళ్లు లేరు. తెలిసి ఏం లాభం, అందరూ వాననే తిట్టేవాళ్లు. వానను తిడితే పని పోదు.

తమ్ముడు అన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, ఇద్దరం వెళ్లి ఎస్టేటు గేటు దగ్గర నిలబడదాం. ఒక్క పూట మోటారు ఆపమందాం."

"అడిగితే ఆపుతారా?"

"అడక్కపోతే ఎలాగూ ఆపరు కదా."

"కోతలప్పుడు మీ వదిన ఆ ఎస్టేటుకే పనికి పోవాలిరా. ఆ మేనేజరు మొహాలు గుర్తుపెట్టుకునే రకం."

"నీ మొహం గుర్తుపెట్టుకోవాలంటే ముందు నువ్వు తలెత్తాలి కదన్నా."

లోపల్నుంచి వదిన నవ్వింది. "బాగా చెప్పావు మరిదీ. పెళ్లప్పుడు కూడా మీ అన్న నా కాలి వేళ్లే చూశాడు. మొహం తీరిగ్గా ఎప్పుడో చూసుకున్నాడు."

అన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే, "రేపు చూద్దాంలేరా" అన్నాడు. అతని రేపు సంగతి తమ్ముడికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

మర్నాడు తమ్ముడు ఒక్కడే వెళ్లాడు. గేటు బయట పొద్దు వాలేదాకా ఎండలో నిలబడ్డాడు. మేనేజరు జీపు లోపలికి పోయింది, బయటికొచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. పదిమంది నిలబడితే ఆగేదేమో. ఒక్కడి కోసం ఎవడాగుతాడు?

అదే పొద్దున అన్న తన తోటలో వంగి మట్టి తీశాడు. గుప్పిట బిగించాడు. విప్పాడు. ముద్ద నిలిచింది. నాలుగు వేళ్ల అచ్చులూ దాని మీద స్పష్టంగా పడ్డాయి. లేచి రాయి జరపాలి, అంతే. కానీ కాలువలో నీళ్లు చూశాడు. నిన్నటికంటే సన్నగా, పిల్లాడి ఉచ్చలాగా వస్తున్నాయి. ఈ ఒక్క పూట పారితే తనకు దిగులుండదు. రేపు పొద్దున్నే జరుపుదాం, తమ్ముడి మొగ్గ ఒక్క పూటకు ఏమవుతుంది అనుకున్నాడు. ఇది కూడా ఆ రేపే.

తమ్ముడు దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో గేటు దగ్గర్నుంచి నేరుగా తోటకే వచ్చాడు.

"ముద్ద అయిందా అన్నా?"

అన్న తోట వంక చూశాడు, వాడి వంక చూడలేదు. "ఇంకా పొడిగానే ఉంది."

తమ్ముడు అన్న చేతి వంక చూశాడు. అరచేతి గీతల్లో తడి మట్టి ఇరుక్కుని ఉంది. అన్న ఆ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"సరే అన్నా" అని తమ్ముడు వెళ్లిపోయాడు.

తెల్లారి అన్న రాయి జరిపాడు. జరిపితే ఏముంది, నాచు తప్ప నీళ్లు లేవు. పైన ఎస్టేటు వాళ్లు రెండో మోటారు దించారు.

వారం తిరిగేసరికి పూత వచ్చింది. అన్న తోట కొమ్మ కనబడకుండా తెల్లగా పూసింది. గట్టు దిగితే తమ్ముడి తోట, ఒక్క పువ్వు లేదు. ఎర్రగా మాడిన మొగ్గలు కొమ్మలకు పట్టుకుని వేలాడుతున్నాయి. తేడా ఎంత కచ్చితంగా ఉందంటే, గట్టు ఎక్కడుందో ఊరి కింది నుంచి చూసినా తెలిసిపోయేది. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఒక నిమిషం ఆగి చూసి మరీ పోయాడు.

"మన పూలకు సిగ్గు లేదు," అంది వదిన. "వాసనంతా గట్టు దాటి వాళ్లింట్లోకే పోతోంది. పొద్దున తోటికోడలు కిటికీ మూసుకుంటుంటే చూశాను. నాకే తలకొట్టేసినట్టయింది."

 ఆవిడకు ముద్ద సంగతి తెలియదు. చెబుదామని అన్నకు రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. అన్నం ముద్దతో పాటు మింగేశాడు.

కాయ పండింది. ఎప్పటిలాగే తమ్ముడూ వాడి పెళ్లామూ నడుముకు బుట్టలు కట్టుకుని అన్న తోటలో కోతకు వచ్చారు. రారేమో అనుకున్నాడు అన్న. రాకపోతే బాగుండు అని కూడా అనుకున్నాడు. వాడు పచ్చికాయ ఒక్కటీ తెగకుండా, ఎర్రటి పండు మాత్రమే ఏరి కోస్తూ పోయాడు. తన తోటైనట్టే కోశాడు. సాయంత్రం బుట్ట గోనెలో గుమ్మరిస్తూ, "కాయ బాగా పట్టిందన్నా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని అన్న వెతికాడు. ఉంటే తిరిగి తిట్టేవాడు, ఇద్దరూ అరుచుకునేవాళ్లు, అక్కడితో ఆ పీడ వదిలేది. మాట చప్పగా ఉంది. వాడు బుట్ట దులిపి పెట్టి వెళ్లిపోయాడు.

కోతలు అయ్యాక తెలిసింది, తమ్ముడు ఎస్టేటులో పనికి కుదిరాడని. అంతసేపు ఎండలో నిలబడగలిగినవాడు కాపలాకు పనికొస్తాడని మేనేజరే పిలిపించాడట. గేటూ మోటారూ రెండూ వాడికే అప్పజెప్పారు.

మరుసటేడూ అదే కథ. మొగ్గ వచ్చింది, దొంగజల్లు పడింది, వాగు సన్నబడింది. అన్న ఈసారి మొదటి వంతు తీసుకోకుండా రాయిని తమ్ముడి వైపే జరిపి పెట్టాడు. కానీ జరిపినంత మాత్రాన నీళ్లు రావాలి కదా. రెండు తోటలూ ఒక్కలాగే ఎండుతున్నాయి. అతను గుప్పెడు మట్టి తీసుకుని, మొదటిసారిగా, ఆ గేటు దాకా నడిచాడు.

కమ్మీల అవతల తమ్ముడు ఖాకీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. వాడి వెనక మోటారు మోగుతోంది. అన్న గుప్పిట విప్పి చూపించాడు. మట్టి వేళ్ల సందుల్లోంచి రాలింది.

"ఒక్క పూట ఆపమని చెప్పరా."

తమ్ముడు మట్టిని చూశాడు. ఎస్టేటు తోట వైపు చూశాడు. అక్కడ ఆకుల మీంచి నీళ్లు కారుతున్నాయి.

"పైన ఇంకా పొడిగానే ఉందన్నా," అన్నాడు.

అన్నకు మొహాన కొట్టినట్టయింది. "నిరుడు నేను అబద్ధం చెప్పానురా."

"తెలుసు. చేతికి మట్టి ఉంది కదా."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు? మట్టిలో చెయ్యి పెట్టి చూపించకపోయావా?"

"పెడితే ముద్ద అయ్యేది. తర్వాత నిన్ను అన్నా అని ఏ నోటితో పిలవను?"

అన్న కమ్మీ పట్టుకున్నాడు. "పద. ఇద్దరం లోపలికి వెళ్లి అడుగుదాం."

"నిరుడు అడగాల్సింది. నిరుడు నేను గేటు బయటున్నాను." తమ్ముడు గొంతు తగ్గించాడు. "మేనేజరు జీపు వచ్చే టైమయింది. నువ్విక్కడ కనబడితే నా పని పోతుంది. వెళ్లన్నా. వదినను అడిగానని చెప్పు."

అన్న కొండ దిగాడు. తోట గట్టు మీదికొచ్చాక చూసుకుంటే గుప్పిట ఇంకా బిగించే ఉంది. విప్పాడు. మిగిలిన కాస్త మట్టీ చేతి చెమటకు ముద్ద కట్టింది. దాన్ని తమ్ముడి తోటలో ఒక చెట్టు మొదట్లో వేసి, కాలితో అదిమి, అక్కడే నిలబడిపోయాడు. ఆ తడికి ఒక్క మొగ్గ కూడా విచ్చుకోదు.