మెహరాజ్ దంచిన కారం

“ఈ కోపం మీ ఇంటి మగాళ్ళకి తాతల నుంచీ వస్తుందని జడ్జిగారి ముందు చెప్పండమ్మా, చాలు. జన్యువుల్లోనే ఉంటే అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు? శిక్ష తగ్గుతుంది” అన్నారు నందిగామ ప్లీడరు వరప్రసాదరావు. భార్య రుబీనా చెయ్యి విరగ్గొట్టిన కేసులో హఫీజున్నీసా కొడుకు బాషా ముద్దాయి. రేపే వాయిదా.

ఆ మాట హఫీజున్నీసాకు కొత్త కాదు. జగ్గయ్యపేటకు కాపురానికొచ్చిన మూడో నెలలో, మొగుడు ఇమాం కొట్టిన దెబ్బకు పెదవి చిట్లితే, అత్త పసుపు అద్దుతూ “మావాళ్ళ రక్తమే అంత, నువ్వే సర్దుకోవాలి” అంది. ప్లీడరుగారి జన్యువులకూ అత్త చెప్పిన రక్తానికీ తేడా ఫీజొక్కటే. ముప్పై ఏళ్ళు భద్రంగా దాచుకున్న ఆ మాటనే మొన్నమొన్న రుబీనాకు అప్పజెప్పింది తను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చినంత పనైంది.

తిరుగు బస్సులో ఆడబిడ్డ మెహరాజ్ గుర్తొచ్చింది. నిరుడు జ్వరంతో పోయింది. ఆమె పెళ్ళి కాకముందు వదినామరదళ్ళిద్దరూ ఒకే దుప్పట్లో దూరి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. ఆ రోజులు మళ్ళీ రావు. నిజానికి ఆ ఇంట్లో అందరికన్నా ముక్కు మీద కోపం మెహరాజ్‌దే. ఇమాం కంచం విసిరికొడితే “మగాడు, అలిసొచ్చాడు” అనే అత్త, కూతురు గొంతు పెంచితే మాత్రం “ఆడదానికంత కోపం పనికిరాదు” అని కసిరేది. పిడికిళ్ళు బిగుసుకుపోయి “వదినా, చెయ్యి ఊరుకోవట్లా. ఆ మిరపకాయలు ఇటు పట్రా” అనేది మెహరాజ్. రోకలందుకుని గోడలదిరేలా దంచేది. తను జల్లెడ పట్టేది. ఇద్దరికీ తుమ్ములు, తుమ్ముల మధ్య నవ్వులు. ఆ కారానికి వత్సవాయి దాకా పేరు. ఎంత ఎర్రగా ఉండేదో అందరూ చెప్పుకున్నారు గానీ, ఎందుకంత మెత్తగా నలిగిందో ఎవరూ అడగలేదు.

మర్నాడు కోర్టులో ప్లీడరు అడిగారు. “మీ ఇంటివాళ్ళ రక్తంలోనే ఈ కోపం ఉందామ్మా?”

“ఉందండి. మా ఆడబిడ్డకి అందరికన్నా ఎక్కువ. ఆడపిల్లవి ఆపుకోమన్నాం, ఆపుకుంది. బతికినన్నాళ్ళూ ఒక్కరి మీద చెయ్యెత్తలేదు.”

ప్లీడరు మొహం మాడింది. బోనులోంచి బాషా “అమ్మా” అన్నాడు మెల్లగా. కడుపున పుట్టినవాడు. అయినా ఆమె వాడి మీంచి చూపు తిప్పుకోలేదు.

“వీడికి మాత్రం ఆపుకోమన్న మాట ఎవరమూ చెప్పలేదండి, నేను కూడా. నా కోడలి చెయ్యి విరగ్గొట్టింది రక్తం కాదు, మా బాషానే.”