దుప్పటి చుట్టిన గంట

గంట మోగితే పావురాలు పేలేవి.

గూట్లోంచి ఎవరో గుప్పెడు సున్నం విసిరినట్టు, ఒక్కసారిగా ఆకాశం మీదికి చిమ్మేవి. కింద తాడు పట్టుకున్న ముసలాయన తలెత్తి, బోసినోటితో నవ్వేవాడు.

గంటాయన. నలభై ఏళ్లుగా ప్రార్థన మందిరంలో తాడు లాగడమే పని.

ఆయన కోతలకు అంతు లేదు. మొదటి దెబ్బకు పొరుగూరి కోళ్లు గుడ్లు పెట్టేవట. రెండో దెబ్బకు కుండలో పాలు పెరుగయ్యేవట. మూడో దెబ్బకు, చచ్చి చాప మీద చల్లబడిపోయిన షావుకారు లేచి కూర్చుని, “ఎవడ్రా నా నిద్ర చెడగొట్టింది” అన్నాడట. సగం నరికి పారేసినా ఇంకా బోలెడు మిగిలేది.

ఒక్కటి మాత్రం ఆయన కోత అనుకోలేదు. ఆ గంట కింద కూర్చుంటే ఏ పీడైనా వదులుతుంది. అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా ఆయన నమ్మేవాడు.

అదే ప్రాణాల మీదికి తెచ్చింది.

కమ్మరి ఆయనకు మేనల్లుడు. చనిపోయిన చెల్లెలి కొడుకు. గంట నాలుక సాగగొట్టి బిగించింది వాడే. సమ్మెట ఎత్తితే భుజాల మీద ఎండ జారేది. నోరు విప్పితే నవ్వే.

ఆ ఏడు వాడు నిద్ర మానేశాడు.

చల్లటి ఇనుమును కొట్టడం మొదలుపెట్టాడు. కొలిమిలో నిప్పు లేదు. తిత్తిలో గాలి లేదు. అయినా కొట్టేవాడు… కొట్టేవాడు… ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి, గోడను కొట్టేవాడు. గోడ మీద పిడికిలి అచ్చులు. అచ్చుల్లో నెత్తురు.

ఒక పొద్దున కొలిమి రాజేసి, ఎర్రగా కాలిన ఊచ పట్టుకుని అక్క మీదికి వెళ్లాడు.

ఊచ ఆమె భుజాన్ని తాకింది. మాంసం చుయ్‌మంది.

వాడే ఊచ పారేశాడు. వాడే నీళ్లు తెచ్చాడు. వాడే పెరట్లోకి పరుగెత్తి, తలను రాతికేసి బాదుకున్నాడు.

అక్క మందిరానికి వచ్చింది. కాలిన భుజం మీద తడిగుడ్డ.

“పట్నంలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది మామా. మింగించడానికి నాతో ఒక్కరు రండి చాలు.”

మందిరం పెద్దాయన ఆమె తల నిమిరాడు. ప్రేమగానే నిమిరాడు.

“మాత్ర మనిషి చేసిందమ్మా. గంట దేవుడిది.”

గంటాయన తలూపాడు.

ఎనిమిది మంది వెళ్లి వాణ్ని తెచ్చారు. ముగ్గురి ముక్కులు పగిలాయి. మిల్లులో బస్తాలు మోసే ఆసామికి ముందు పళ్లు మూడు రాలాయి. అయినా అందరూ వాణ్ని “నాన్నా, బంగారం” అంటూనే ఈడ్చుకొచ్చారు. గంట కింది స్తంభానికి, గంట తాడుతోనే కట్టారు.

గంటాయన గంటకు వేరే తాడు కట్టి అందుకున్నాడు.

లాగాడు.

పావురాలు పేలాయి. కమ్మరి అరిచాడు.

మళ్లీ లాగాడు. మళ్లీ అరుపు. గొంతు చినిగే అరుపు.

“వదులుతోంది! వదులుతోంది!” అని జనం కళ్లొత్తుకున్నారు.

మూడు రోజులు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా. గంటాయన అరచేతులు పుండ్లయ్యాయి. తాడు ఎర్రబడింది. స్తంభం ఎర్రబడింది… వాడి నుదురు ఆనే చోట. గంట మోగినప్పుడల్లా వాడు తల అడ్డంగా ఊపేవాడు. ఎవరికో వద్దు, వద్దు అని చెబుతున్నట్టు.

ఎవరికి చెబుతున్నాడో ఎవరూ అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వాణ్ని కట్టిన తాడు తెగింది.

తలుపుకు అడ్డంగా వేసే ఇనుప కమ్మీ వాడి చేతికి దొరికింది. జనం చెల్లాచెదురయ్యారు. అక్క ఎదురుగానే నిలబడి ఉంది, అడుగు దూరంలో. వాడు ఆమెను చూశాడు. కమ్మీ ఎత్తాడు…

గిర్రున తిరిగి నిచ్చెన ఎక్కాడు.

గంటను కొట్టాడు. కొలిమిలో ఇనుమును కొట్టినట్టు కొట్టాడు. అంచు ఊడి కింద పడింది. ఎక్కి అడ్డం వెళ్లిన గంటాయన కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఎండు కొమ్మ చప్పుడు. ఇద్దరూ నిచ్చెన మీంచి దొర్లిపడ్డారు.

అప్పుడు జనం మళ్లీ కమ్ముకున్నారు. ఈసారి నాన్నా లేదు, బంగారం లేదు. కర్రలు. రాళ్లు. దేవుడి గంటను పగలగొట్టినవాడికి అవి తక్కువన్నారు. వాడి పక్కటెముక విరిగిన చప్పుడు గంటాయన విన్నాడు.

విని, వాడి మీద పడుకున్నాడు.

కర్ర ఆయన వీపున పడింది. ఇంకోటి పడింది. నెత్తురు కళ్లలోకి కారుతుంటే, వాడి చెవి దగ్గర అడిగాడు. ఏనాడో అడగాల్సింది…

“ఏం వినబడుతోందిరా అల్లుడూ నీకు?”

“గంట మాట్లాడుతోంది మామా. అక్కను చంపు అంటోంది. నువ్వు లాగినప్పుడల్లా అంటోంది. చంపను, చంపను అని మూడు రోజులు చెప్పాను. అది వినలేదు.”

ఊపిరి తీసుకున్నాడు.

“నువ్వూ ఆపలేదు.”

ఎత్తిన కర్ర గాలిలో ఆగిపోయింది.

పెద్దాయన నేల మీద కూలబడ్డాడు. ఆయన చేతిలోనూ రాయి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఎనిమిది మందే బండి కట్టారు. ఆ ఎనిమిది మందే వాణ్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. పళ్లు రాలిన ఆసామి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. “మిగిలినవి జాగ్రత్తరా నాయనా, అన్నం తినడానికి ఉంచుకున్నా” అన్నాడు. అంటూనే ఏడ్చాడు.

ఆ తర్వాత మందిరంలో యుద్ధమే జరిగింది. ఒక్కడి కోసం గంట ఆపుతామా అని కొందరు, ఆపాల్సిందేనని కొందరు. బెంచీలు లేచాయి. చొక్కాలు చిరిగాయి. ఆ గోలలో గంటాయన ఒంటిచేత్తో నిచ్చెన ఎక్కాడు. తన దుప్పటి తీసి గంట నాలుకకు చుట్టాడు. నోటితో ముడి బిగించాడు.

“విప్పాలనుకున్నవాడు ముందు నా రెండో చెయ్యి విరవండి.”

ఎవరూ ఎక్కలేదు.

అప్పటినుంచి ప్రార్థన వేళకు ఎనిమిది మందీ వీధులు పంచుకుని తలుపులు తడుతున్నారు. కమ్మరి ఇంటికొచ్చాక రోజుకు ఇద్దరు కొలిమి దగ్గర కూర్చుంటున్నారు. ఒకటే కట్టుబాటు. నీతులు చెప్పకూడదు. మాత్ర మింగేదాకా ఉండాలి. ఆ పూట అక్క నిద్రపోవాలి.

పెద్దాయన వంతు వచ్చినప్పుడు ఆయన తిత్తి ఊదుతాడు. మాట్లాడడు.

పళ్లు రాలిన ఆసామి మాత్రం వాగుతూనే ఉంటాడు. “అబ్బ, నీకంటే ఆ గొంతులే నయం” అన్నాడు కమ్మరి ఒకరోజు. కొలిమంతా నవ్వింది. ఆ నవ్వు విని లోపల అక్క నిద్రలేచింది. భయంతో లేచింది. అది నవ్వేనని తెలిశాక కూడా, తలుపు గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.

మాత్రలకు వాడి చేతులు వణుకుతాయి. సమ్మెట గురి తప్పుతుంది. కొన్ని రోజులు గొంతులు మళ్లీ వస్తాయి. అప్పుడు నలుగురు పట్టుకుంటారు. ఎవరిదో పెదవి చిట్లుతుంది. తిరిగి ఎవరూ కొట్టరు. అంతే తేడా.

ఒక సాయంత్రం వాడు మందిరానికి వచ్చాడు. నిచ్చెన ఎక్కి, ఊడిన అంచును వేలితో తడిమాడు. దుప్పటిని తడిమాడు.

“మామా, ఒక్కసారి లాగు.”

గంటాయన తలుపు వైపు చూశాడు. ఇనుప కమ్మీ ఉన్నచోటే ఉంది. గుమ్మంలో అక్క ఉంది. కాలిన భుజం మీద చెయ్యి వేసుకుని.

కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో లాగాడు.

దబ్…

గుండె మీద పిడికిలి పడినట్టు.

“ఏమందిరా?”

కమ్మరి తల ఓ పక్కకు వంచి, వింటున్నాడు.

గూట్లో పావురాలు కదలలేదు. ఒక్కటి మాత్రం లేచింది.

ఇంకా వాలలేదు.