ఇరవై రెండు దెయ్యం గౌన్లు

అమీర్‌పేటలో జావా నేర్పే బోర్డుకూ లేడీస్ హాస్టల్ బోర్డుకూ నడుమ, మెట్ల కింద, వంగితే తప్ప దూరలేని సందులో మార్కండేయులు కుట్టుమిషను ఉండేది. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక పట్నం వచ్చాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి కంప్యూటరు ఎవడు నేర్పుతాడు? నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లల జాకెట్లు కుట్టి బతుకుతున్నాడు. ఊరంతా పైకి పోతుంటే అతనికి మెట్ల అడుగుభాగమే కనపడేది.

కూతురు సంగీతను మాత్రం పంజాగుట్టలో ఇంగ్లీషు బడిలో వేశాడు. ఐదో తరగతి. ఆ బడిలో దసరా సెలవులు కాగానే దెయ్యాల పండుగ చేస్తారు. దెయ్యాల కథల పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పరిచి, ఎవరికి ఏది ఇష్టమో చెప్పమంటారు. హాలుకు నల్ల తెరలు కట్టి పిల్లల దెయ్యం సినిమా వేస్తారు. మనం దిష్టికని గుమ్మానికి కట్టే గుమ్మడికాయకు వాళ్లు కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెడతారు. భయపడడం సుత బడికి పోయి నేర్చుకోవాల్నా అని మార్కండేయులు ఇంట్లో వెటకారమాడాడు.

ఆ వెటకారం స్వరాజ్యం టీచరు మెట్ల కిందికి వంగి వచ్చేదాకే.

"మార్కండేయులు గారూ, మా క్లాసులో ఇరవై ఇద్దరండీ. దెయ్యాల్లాగా అందరికీ తెల్ల గౌన్లు కావాలి. శుక్రవారానికి అయిపోతాయా? మా బాపు కుడితే మస్తుంటదని మీ సంగీత ఒకటే గొడవ."

"ఎందుకు గావు మేడం? బట్ట సుత నేనే తెస్త. మీకేం ఫికరొద్దు."

చదువుకున్న మనిషి అతన్ని గారూ అనడం అదే మొదలు. నాలుగు రోజులు ఆ మాట చెవుల్లో తీయగా మోగింది. పని మాత్రం మొదలుపెట్టలేదు. హాస్టల్ పిల్లల దీపావళి జాకెట్లు మెడ మీద కూర్చున్నాయి. గురువారం పొద్దున బట్ట కోసం సికింద్రాబాదు పోదామని బయలుదేరితే రోడ్డు మీద నరపురుగు లేదు. బంద్. బస్సుల్లేవు, షట్టర్లన్నీ దించి ఉన్నాయి.

దుకాణంలో తెల్లబట్ట రెండు చోట్ల ఉంది. ఒకటి తన లాల్చీకని దాచుకున్న మల్లు ముక్క, ఒక పిల్లకు సరిపోతుంది. రెండోది కనకయ్య మూట.

కనకయ్య కాటికాపరి. చుట్టాలు శవం మీద కప్పిపోయే కొత్త బట్టలను ఉతికించి తెచ్చి, దిండు గలీబులు కుట్టించుకుని సంతలో అమ్ముతాడు. మార్కండేయులు ఏళ్లుగా కుడుతున్నాడు. కొనేవాడికి తెలియదు, కుట్టేవాడు చెప్పడు. అంతే వ్యాపారం.

ఫోను చేశాడు. "కనకయ్యా, నీ మూట జర నేను వాడుకుంట. మల్ల అంత బట్ట తెచ్చిస్త."

"దేనికన్నా?"

"దెయ్యాల బట్టలకు."

కనకయ్య పడీపడీ నవ్వాడు. "సరైన బట్టనే పట్టినవ్ పో!" తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఎవరేసుకుంటరన్నా?"

"నాటకపోళ్లు."

"అట్లైతే సరే. పిల్లగాండ్లకైతే వద్దనేటోన్ని."

మగ్గం నేసే సాలోళ్ల ఇళ్లల్లో పీనుగు బట్టకు కత్తెర పెట్టరు. చేత్తోనే చింపుతారు, అంచుకు కుట్టు వేయరు. కుట్టు బతికినోళ్లకే అని అతని తల్లి కొమురమ్మ అనేది. గలీబుల మీద కత్తెర పెట్టినప్పుడు ఆ మాట గుర్తు రానిచ్చేవాడు కాదు. ఆ రోజు దానంతటదే గుర్తొచ్చింది. అయినా కత్తెర తీశాడు.

సంగీత ముక్కాలిపీట మీద కూర్చుని, బడి నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం తిప్పుతోంది. అందులో ఒక దెయ్యం పిల్ల, చీకటంటే దానికే భయం.

"బాపూ, దెయ్యాలు తెల్లబట్టలే ఎందుకేసుకుంటయ్?"

"పోయినోళ్లకు అదే కప్పుతరు బిడ్డా."

"మరి దీనికి ఎవరు కప్పిన్రు? గింత చిన్నగుంది."

మిషను ఆగింది. "జర నోరు మూస్కో. దారం తెగుతుంది."

మల్లు ముక్కతో కూతురి గౌను వేరే కుట్టాడు. మెడకు లేసు వేశాడు. "ఇది నీది. ఎవ్వరికి ఇయ్యకు" అని రెండుసార్లు చెప్పాడు. మిగతా ఇరవై ఒకటి ఆ మూటతోనే కుట్టాడు.

శుక్రవారం గౌన్లు మోసుకుని బడికి పోయాడు. హాలు గుమ్మంలో గుమ్మడికాయ దీపాలు పళ్లికిలిస్తున్నాయి. యూనిఫాం మీదే గౌన్లు తొడుక్కుని పిల్లలు ఒకరినొకరు తరుముకుంటున్నారు. ఆ గుంపులో లేసు గౌను కోసం వెతికాడు. కనపడింది. అది సంగీత క్లాసు పిల్ల రవళి ఒంటి మీద ఉంది.

సంగీత ఎదురుగా వచ్చి గిర్రున తిరిగింది. "రవళిది పొట్టిగైంది బాపూ, ఏడుస్తుంటే మార్చుకున్న. నేనెట్లున్న?"

ఆమె భుజం మీద ఉతుకుకు పోని పసుపు మరక ఉంది.

"తియ్! ముందు తియ్!" మార్కండేయులు గౌనును ఆమె తల మీదుగా లాగేశాడు. క్లిప్పు ఊడిపడి జుట్టు చెదిరింది.

స్వరాజ్యం టీచరు పరుగున వచ్చింది. "ఏంటండీ, ఏమైంది?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. ఆ మాట అన్నాక ఈమె నోట గారూ ఉండదు. రేపటి నుంచి సంగీత పక్కన ఎవరూ కూర్చోరు. అట్లా అనుకున్నాడు కానీ, ముందు తట్టింది గారూ గురించే.

"సూది మేడం. అండ్ల సూది మర్చిపోయిన."

"అయ్యో రామా! మిగతావాటిల్లో కూడా ఉంటేనో? అన్నీ చూసెయ్యండి మార్కండేయులు గారూ. పిల్లలూ, లైన్‌గా రండి!"

వచ్చారు. ఒక్కొక్కరు చేతులు పైకెత్తి అతని ముందు నిలబడ్డారు. లేని సూది కోసం అతను కుట్టు కుట్టూ తడిమాడు. ఒకమ్మాయి చక్కిలిగింత పుట్టి మెలికలు తిరిగింది. తారక్ అనే పిల్లవాడు, "అంకుల్, నన్ను చూస్తే భయమైతుందా?" అని అడిగాడు.

"అయితుంది బాబూ."

"థాంక్యూ అంకుల్!"

ఇరవై మంది ఇరవై థాంక్యూలు చెప్పారు. ఆఖరున రవళి. ఆమె ఒంటి మీది శుభ్రమైన గౌనును కూడా అంతే శ్రద్ధగా తడిమాడు.

"ఏది సూది? దొరికిందా?" సంగీత చెయ్యి చాపింది.

దర్జీ చొక్కా కాలరుకు సూది లేకుండా ఉండదు. అందులోంచి ఒకటి లాగి చూపించాడు. దానికి పొద్దున హాస్టల్ పిల్ల జాకెట్టుకు హుక్కులు కుట్టిన దారం వేలాడుతోంది.

"తెల్ల గౌనుకు పచ్చ దారమా బాపూ?" టీచరుకు వినపడకుండా అంది. దర్జీ కూతురు మరి.

"సూది తీసేశారుగా, నువ్వు కూడా వేసుకోమ్మా" అని టీచరు గౌను అందించింది.

సంగీత తండ్రి ముఖం చూసింది. "నాకొద్దు టీచర్" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

తెరలు దించారు. సినిమా మొదలైంది. తెల్ల గౌన్లన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని సంబరంగా కేకలు పెట్టాయి. అంతకుముందే టీచరు మైకులో మార్కండేయులు గారికి చప్పట్లు కొట్టించింది. అతను లేచి దండం కూడా పెట్టాడు.

ఆ చీకట్లో యూనిఫాంలో సంగీత ఒక్కతే అతని పక్కన నిలబడి ఉంది.

"బాపూ, మరి వాళ్లకేం గాదా?"

"ఏం గాదు బిడ్డా."

"మరి నాదెందుకు తీసినవ్?"

అతను తెర వైపు తిరిగాడు. కాసేపటికి పక్కన ఎవరూ లేరు. సంగీత పోయి తారక్ వెనక నిలబడి, వాడి గౌను మెడ ముడి విప్పుతోంది. వాడు ఏడుస్తూ టీచరును పిలుస్తున్నాడు.