పెట్టె ఇచ్చిన మిల్లు

కుమాసీ ఊళ్ళో మా రంపపు మిల్లు పెట్టిన కార్మికుల ఆరోగ్య పథకం అంటే ఏమిటో చెప్పనా? ఒక గది, గోడకు ఒక పోస్టరు, దగ్గు మందు సీసాలు, నర్సుగా నేను. రంపాల దగ్గర ఊపిరి పీలిస్తే గాలికన్నా చెక్కపొట్టే ఎక్కువ లోపలికి పోతుంది. పెద్ద రంపం మీద దుమ్ము లాగే ఫ్యాను పెట్టించండని మేనేజరు అంపొంసాను అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. "వచ్చే ఏడు చూద్దాంలే నర్సమ్మా" అనేవాడు. వచ్చే ఏడు రాకముందే ఆ రంపం నడిపే బాఫో ఊపిరాడక పోయాడు.

శనివారం అంత్యక్రియలు. మా అషాంతీ తెగవాళ్ళకు బతికున్నవాడి ఆకలికన్నా చచ్చినవాడి మర్యాద ముఖ్యం. ఎవరు ఏమిచ్చారో, ఏమిస్తామన్నారో మైకులో చదువుతారు. చదివాక ఇంటివాళ్ళంతా వరుసగా వెళ్ళి, ఇచ్చినవాళ్ళ చేయి పట్టుకుని మేలు చేశారని చెప్పుకుంటారు. అలా చదివింది ఇవ్వనివాడు మళ్ళీ ఏ చావుకీ ముఖం చూపించలేడు.

"మిల్లు వారు మహాగనీ చెక్కతో శవపెట్టె ఇచ్చారు" అనగానే జనం ఆహా అన్నారు. అంపొంసా లేచి పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊపిరికి ఫ్యాను ఇవ్వని చెయ్యి శవానికి మహాగనీ ఇస్తుందా?

నా పక్కన ఒడూరో దగ్గుతున్నాడు. సోమవారం నుంచి ఆ రంపం అతనిదే.

"ఏంది నర్సమ్మా, అట్లా చూస్తన్నావ్? నా పెట్టెకి కొలతలు తీస్తన్నావా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. వెళ్ళి మైకు అందుకున్నాను.

"ఇంకొకటి చదవడం మర్చిపోయారు. బాఫో పేరు మీద మిల్లు వారు పెద్ద రంపానికి దుమ్ము లాగే ఫ్యాను కూడా ఇస్తున్నారు. ఒడూరో పనిలోకి దిగేలోపే బిగిస్తారు."

డప్పులు మోగాయి. అంపొంసా నా దగ్గరికొచ్చి పళ్ళు నూరాడు. "ఎవర్నడిగి చెప్పావ్? నీ ఉద్యోగం ఊడుద్ది."

"ఊడనీండి. ఫ్యాను ఇచ్చేది లేదని మీరే చెప్పండి, ఇదిగో మైకు."

ఆయన మైకు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. అప్పటికే ఇంటివాళ్ళు నలుపు, ఎరుపు సంతాపపు బట్టల్లో వరుస కట్టి వచ్చేస్తున్నారు. ఏం చేస్తాడు, ఒక్కొక్కరికీ చెయ్యి అందించాడు.

చివర బాఫో భార్య అఫియా వచ్చింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఈ ఫ్యాను ముందే ఇచ్చుంటే ఆ పెట్టె మీకు మిగిలేది కదయ్యా" అంది.